ఒక్క ఖోలీ, మూడు గుంపులు



చాళ్లు కూల్చి కొత్తవి కడతారన్న మాట నడుస్తున్నది కదా, మా గల్లీలో ఏ ఖోలీలో ఎవరుంటున్నరో రాసుకుంటున్నం. నిజాం ఇలాకా నుంచి కట్టడం పనికొచ్చిన మన కామాఠీల పేరు మీదనే ఈ పేట వెలిసింది. వాళ్ల మనవలు లిస్టులో గల్లంతైతే ఎట్ల?

మా తమ్ముని బిడ్డ ఆ ఫారాలన్నీ జావాలోకి ఎక్కించి ఖోలీవారీగా గుంపులు కట్టింది. ఒకే ఖోలీలోని తాత, తండ్రి, కొడుకు మూడు గుంపుల్లో పడ్డరు!

సంగతేమంటే, ప్రతి ఫారానికీ ఒక కొత్త ఖోలీ ఆబ్జెక్టు పుడుతుంది. మనం చెప్పకపోతే జావా గల్లీ, చాల్, నంబరు పోల్చదు. మెమరీలో అదే ఆబ్జెక్టా కాదా అని మాత్రమే చూస్తుంది. ఏవేవి కలిస్తే ఒకటో 'ఈక్వల్స్'లో రాయాలె. 'హ్యాష్‌కోడ్' కూడా రాయాలె, ఎందుకంటే ఏ అరలో వెతకాలో హ్యాష్‌మ్యాప్‌కు చెప్పేది ఆ అంకెనే. అర తప్పితే పోలిక దాకా రానే రాదు. జావా 16 నుంచి 'రికార్డ్' అని పెడితే రెండూ అదే చూసుకుంటుంది.

అసలు చిక్కు వేరే ఉన్నది. ఒకే నంబరు ఖోలీ, మధ్యలో పార్టిషన్, ఇద్దరన్నదమ్ములు, రెండు పొయ్యిలు. నంబరే చూస్తే ఒక గుంపు, రేషన్ కార్డు కూడా కలిపితే రెండు. జావా దేనికైనా సరే అంటుంది.

"అది నన్ను అడగకు పెద్దనాయినా, సంఘంలో అడుగు" అన్నది పిల్ల.

నేనైతే ఖోలీకొక గుంపు, దాని లోపల పొయ్యికొక గుంపు కట్టమంట. ఆదివారం మీటింగుకు అన్నదమ్ములిద్దరూ రండి, కార్డులు తెచ్చుకోండి.