జిద్దా గడియారం

నిరుడు ఉమ్రా యాత్రకై మా తల్లిగారితో జిద్దాకు బయలుదేరుతూ కోఠీలోని గుజరాతీ గల్లీలో ఒక అడాప్టరు కొన్నాము. అరచేతిలో ఇమిడే ఆ తెల్లని డబ్బీని చూచి అమ్మీజాన్, "మళ్లీ దీన్నే నమ్ముతున్నావా బేటా?" అని నవ్వినది. ఆ "మళ్లీ" వెనుక ఛత్రినాకలోని మా ఇంటి కథ ఒకటి ఉన్నది.

ముందుగా ఆ డబ్బీ సంగతి. మన గోడలకు కనిపించే గుండ్రని రంధ్రాల సాకెట్టు ఆంగ్లేయుల పాత పద్ధతి. 1947లో వారు తమ దేశంలో చదునైన మూడు పిన్నుల ప్లగ్గును ప్రమాణంగా చేసుకొని, అందులో ఒక ఫ్యూజు కూడా అమర్చుకున్నారు. అదే ఏట మనకు స్వాతంత్ర్యంతో పాటు గుండ్రని రంధ్రాలను కూడా విడిచి వెళ్లారన్నమాట! నేడు దుబాయిలోనూ, సౌదీలోనూ కనిపించేది ఆ చదును ప్లగ్గే. అడాప్టరు ఈ ఆకారభేదాన్ని మాత్రమే తీరుస్తుంది. లోపలి విద్యుత్తును అణుమాత్రమైనా మార్చదు. ఈ ముక్క 1996లో మాకెవరైనా చెప్పి ఉంటే ఎంత బాగుండేది!

అబ్బాజాన్ అప్పుడు జిద్దాలో ఉద్యోగం. స్వదేశానికి వస్తున్న ఒక పరిచయస్థుని చేతికి టేప్ రికార్డరు, తన మాటలు నింపిన క్యాసెట్టు, ఎర్రని అంకెలు వెలిగే అలారం గడియారం ఇచ్చి పంపారు. ప్లగ్గు మన సాకెట్టులో దూరలేదు. అడాప్టరు తెచ్చి మేమే స్వయంగా మీట నొక్కాము. అబ్బాజాన్ సలాము పూర్తి కాకముందే పొగ లేచినది. సౌదీ ఇండ్లలో ఆనాడు 127 వోల్టుల విద్యుత్తు విరివిగా ఉండేది, మనది 230. యంత్రం వీపున 110 అని స్పష్టంగానే అచ్చువేసి ఉన్నది. చదివినవారెవరు? ఆ క్యాసెట్టును పొరుగింటిలో విన్నాము. అమ్మీజాన్ తలుపు చాటున నిలబడి విన్నది.

గడియారమైనా దక్కాలని మెకానిక్కు సలహాపై వోల్టులు తగ్గించే ట్రాన్స్‌ఫార్మరు కొన్నాము. ఇటుకరాయంత బరువు, రాత్రంతా రొద. గడియారం వెలిగినది. తరువాతి రంజానులో తొమ్మిదింటికి దిద్ది, సహరీ కోసం నాలుగున్నరకు అలారం పెట్టాము. అది మోగేసరికి ఆరయినది! ఆ దినం ఇంటిల్లిపాదీ సహరీ లేకుండానే రోజా ఉన్నాము.

సౌదీ విద్యుత్తు సెకనుకు 60 సార్లు ఆవృత్తి చెందుతుంది, మనది 50 సార్లు. ఆ గడియారం ఆవృత్తులను లెక్కించి కాలం చెప్పే జాతిది. 60 అయితే గాని సెకను గడిచినదని ఒప్పుకోదు. అందుచేత గంటకు పది నిమిషాలు వెనుకబడేది. ట్రాన్స్‌ఫార్మరు వోల్టులను మారుస్తుంది గాని ఈ లెక్కను మార్చలేదు.

"దీనికి మందు లేదమ్మా, పారేయండి" అన్నాడు మెకానిక్కు. ఆమె వినలేదు. ప్రతి ఉదయం ఆరింటికి దిద్దేది. రాత్రి తొమ్మిదయ్యేసరికి అందులో ఆరున్నర. జిద్దా మనకన్న రెండున్నర గంటలు వెనుక. సరిగ్గా ఆ వేళకు దాని వంక చూచి, "మీ అబ్బా ఇప్పుడు మగ్రిబ్ నమాజులో ఉంటారు" అనేది. మేము చేయని లెక్క ఆమె చూపుతోనే చేసినది.

జిద్దా హోటలులో ఫోను ఛార్జరు పెట్టబోగా ఆమె చేయి పట్టి ఆపి, దానిమీది సన్నని అక్షరాలు పైకి చదివించినది: 100 నుండి 240 వోల్టులు, 50 లేక 60 ఆవృత్తులు. నేటి ఫోను ఛార్జర్లు సాధారణంగా ఇట్టివే. ఇస్త్రీ పెట్టె, మిక్సీల విషయంలో ఆ భరోసా లేదు. అమెరికాకు సామాను సర్దుకునే మా విద్యార్థులు తప్పక చదివి చూచుకోవాలి.

చదివిన పిమ్మట చేయి వదలి, గోడ గడియారం వైపు చూచి అడిగినది: "ఛత్రినాకలో ఇప్పుడెంతయినదో? మీ అబ్బా భోజనం చేశారో లేదో."