గవాహీకి ఒక నంబరు

మన ఇళ్లలో సాఫ్ట్‌వేర్ అంటే మూడే మాటలు: తన్ఖా, అమెరికా, రిష్తా. ఆ పని ఎట్లా జరుగుతుందని అడిగేవాళ్లు తక్కువ. రోలుగుంటలో ఉండే మా ఆపా అడిగింది, అదీ ఫిక్ర్‌తోనే. కూతురు ఇంజనీరింగ్ పూర్తి చేసి ఇంట్లోనే ఉంది. ఇషా అయ్యాక కూర్చుంటే రాత్రి ఒంటిగంట దాకా ల్యాప్‌టాప్ ముందు నుంచి లేవదు. పైసా రాదు. "ఏం చేస్తోందో నువ్వన్నా కనుక్కోరా. రిష్తా వాళ్లు అడిగితే ఏం చెప్పను?" అంది.

నేను ఉర్దూ మీడియంలో చదివి, తెలుగులో డిగ్రీ చేసి, పత్రికలో పని చేస్తున్నవాణ్ణి. కోడ్ రాయడం నాకు రాదు. కానీ ఒకరు రాసింది ఎవరు చూశారు, ఎవరు సరే అన్నారు అనేది నా రోజూ పనే. అందుకే భాంజీ చెబుతుంటే తొందరగానే అర్థమైంది.

వికీపీడియా నడిచేది మీడియావికీ అనే సాఫ్ట్‌వేర్ మీద. 2003 డిసెంబరులో మొదలైన మన తెలుగు వికీపీడియాకూ అదే పునాది. దానిలో మరమ్మతు చేసి పంపడానికి ఎవరి సిఫారిష్ అక్కర్లేదు. 2012 మార్చిలో ఆ పని గెరిట్ అనే చోటికి మారింది. అక్కడ మనం పంపిన ప్రతి మార్పుకీ ఒక నంబరు పడుతుంది. దిద్ది మళ్లీ పంపితే పాత నంబరు కిందే ఒకటో ప్యాచ్‌సెట్, రెండో ప్యాచ్‌సెట్, మూడోది అని వరస పెరుగుతుంది.

పంపగానే ముందు చూసేది మెషిన్. జూల్ అనే ప్రోగ్రాము కొత్త మార్పు వచ్చిందని కనిపెట్టి పరీక్షలు మొదలుపెట్టిస్తుంది. పరీక్షలు నడిచేది ఒకచోట, మనుషులు కోడ్ చూసేది ఇంకోచోట. ఈ రెంటినీ కలిపేది ఏపీఐ, అంటే రెండు ప్రోగ్రాములు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడానికి ముందే ఖరారు చేసుకున్న పద్ధతి. ఏ మార్పు, ఎన్నో ప్యాచ్‌సెట్, ఏం తేలింది, ఎంత మార్కు... ఈ వివరాలతో ఫలితం గెరిట్‌కి చేరుతుంది. భాంజీ పంపిన పని కిందే జవాబ్ కనిపిస్తుంది. పరీక్ష పూర్తి వివరాలకు లింకూ ఉంటుంది.

ఆపాకి దీన్ని చెరకు కాటాతో చెప్పాను. మా చోడవరం వైపు చెరకు బండి తూచాక చీటీ ఇస్తారు. అందులో బరువు ఒక్కటే రాసి, ఏ రైతు, ఏ బండి, ఏ తారీఖు అని రాయకపోతే ఆ చీటీ దేనికి పనికొస్తుంది? బరువు నిజమే కావచ్చు, అది ఎవరి మెహనత్ అనేదానికి సబూత్ లేదు. ఫలితం ఎంత ముఖ్యమో, అది దేనికి సంబంధించిందో తెలియడం అంతే ముఖ్యం.

ఈ ముడి రెండువైపులా ఉండాలి. పని దగ్గర నిలబడితే పరీక్ష కనబడాలి, పరీక్ష దగ్గర నిలబడితే అది ఏ పనిదో తెలియాలి. క్రోమ్ బ్రౌజర్‌కి ఆధారమైన క్రోమియంలో బిల్డ్‌బకెట్ అనే వ్యవస్థ ఉంది. అందులో ఒక మార్పును పరీక్షించడానికి నడిచే బిల్డ్ మీద ఏ గెరిట్ సర్వరు, ఏ మార్పు, ఎన్నో ప్యాచ్‌సెట్ అని ఒక గుర్తు రాసి పెడతారు. ఆ గుర్తుతో వెతికితే ఆ పని మీద నడిచిన పరీక్షలన్నీ దొరుకుతాయి.

ప్యాచ్‌సెట్ నంబరు మీద అంత పట్టు ఎందుకో పత్రికలో పని చేసినవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. పేజీ ప్రూఫ్ చదివి దస్తఖత్ పెట్టాక ఎవరో వచ్చి హెడ్డింగ్ మార్చారనుకోండి, ఆ దస్తఖత్ ఇంక దేనికి గవాహీ? పాత కాగితానికే. గెరిట్‌లో కొత్త ప్యాచ్‌సెట్ రాగానే, నిర్వాహకులు వేరే ఏర్పాటు చేసుకుంటే తప్ప, పాత మార్కులు రాలిపోతాయి. కోడ్ మారితే ఇమ్తెహాన్ మళ్లీ రాయాల్సిందే.

అయితే మెషిన్ చెప్పేది గవాహీ మాత్రమే, ఫైసలా మనుషులది. చూసేవాళ్లు మైనస్ రెండు నుంచి ప్లస్ రెండు దాకా మార్కు పెడతారు. అధికారం ఉన్నవాళ్లు ప్లస్ రెండు ఇచ్చాక కూడా అప్పటికి ఉన్న తాజా కోడ్‌తో కలిపి పరీక్షలు ఇంకోసారి నడుస్తాయి. అవి నెగ్గితేనే అసలు దాంట్లో కలుస్తుంది.

మా భాంజీకి ఈ చోటు ఎందుకు నచ్చిందో మెల్లగా తెలిసింది. కోచింగ్‌కని ఒక నగరంలో గది వెతికినప్పుడు ఫోనులో ఉందన్న గది, పేరు చెప్పగానే లేకుండా పోయింది. "ఇక్కడ పరీక్షకి నా పేరు అక్కర్లేదు మామూ. కోడ్ తప్పయితే ఎవరికైనా ఎరుపే" అంది.

మనుషులకి పేరు కనిపిస్తుంది కదా బేటీ, అన్నాను. "కనిపిస్తుంది. కానీ పరీక్ష నెగ్గిందని పక్కనే ఉంటుంది. వద్దంటే ఎందుకో అక్కడే రాస్తారు. రాయకపోతే ఆ ఖాళీ కూడా అందరికీ కనిపిస్తుంది" అంది. దానికి నా దగ్గర జవాబ్ లేదు. ఇరవై ఏళ్లుగా వార్తలు రాస్తున్నాను. వద్దన్నవాళ్లు కారణం రాసిపెట్టే చోటు నాకు ఎక్కువ తగల్లేదు.

ఆపాకి చెప్పాను: "రిష్తా వాళ్లు అడిగితే నంబరు చెప్పు. ఏం రాసింది, ఎన్నిసార్లు దిద్దింది, ఎవరు ఏమన్నారు, ఏ తారీఖున, అన్నీ అక్కడున్నాయి. మనం తారీఫ్ చేయక్కర్లేదు." ఆపా కాసేపు ఆలోచించి, ఆ నంబరు ఒక కాగితం మీద రాయించుకుంది. రేషన్ కార్డూ ఆధార్ జిరాక్సులూ పెట్టే డబ్బాలో పెట్టింది.

మీ ఇంట్లోనూ అర్ధరాత్రి దాకా ల్యాప్‌టాప్ ముందు కూర్చునే బేటీ ఉంటే, ఎంత వస్తుందని అడిగేముందు ఏం రాశావు, ఎవరు చూశారు అని అడగండి. చూపించమనండి. మనకి సగం అర్థం కాకపోయినా ఫర్వాలేదు. మా భాంజీ నాలుగో ప్యాచ్‌సెట్ ఇంకా మనుషుల చూపు కోసం వేచి ఉంది. మెషిన్ గవాహీ మాత్రం దాని పక్కనే, దాని నంబరుతోనే ఉంది.