నల్లఱాతి పట్టణము

ఫ్రాన్సుదేశమునకు పోయివచ్చినవారు సామాన్యముగా పారిస్ నగరమును గుఱించియే వ్రాయుదురు. మేము వ్రాయబోవునది ఆ దేశపు నడుమ, చల్లారిన అగ్నిపర్వతముల చెంతనున్న క్లెర్మాన్-ఫెరాన్ అను పట్టణమును గుఱించి. మా వదినగారి కుమారుడు అచటి విశ్వవిద్యాలయమున చదువుచున్నాడు. వానిని చూచి రావలెనని వదినగారును మేమును బయలుదేరితిమి.

పారిస్ నగరమున బెర్సీ స్టేషనులో రైలెక్కినచో క్లెర్మాన్ చేరుటకు సుమారు మూడున్నర గంటలు పట్టును. పచ్చని బయళ్లును, మేయుచున్న ఆవులమందలును కిటికీ ప్రక్కగా సాగిపోవుచుండెను. వదినగారి మనస్సు మాత్రము ఇంటియొద్దనే యుండెను. ఆమె కుమార్తె మన దేశమున ఒక కళాశాలలో వ్యాయామోపాధ్యాయిని. అచటి మగపిల్లల ఫుట్‌బాల్ జట్టునకు శిక్షణ నీయవలసినదని యాజమాన్యమువారు ఆమె నడిగిరి. వారములోపల జవాబు చెప్పవలెను. తల్లి యేమనునో తెలిసికొందమని ఆమె ఫోనున అడిగెను.

“పదునెనిమిదేండ్ల మగపిల్లలు ఆడుదాని మాట విందురా? నలుగురును నవ్వరా? వలదనియే చెప్పెదను” అని వదినగారు దారిపొడుగునను అనుచుండిరి. మేము ఔననియు, కాదనియు చెప్పలేక ఊరకుంటిమి.

ఊరు చేరగనే మా కంటబడినది ప్రధాన దేవాలయము. దాని జంట శిఖరములు ఆకాశమునంటుచున్నవి. అడుగునుండి కొసవఱకు నల్లగా నున్నవి. ఎన్నడో అగ్నిప్రమాదము జరిగియుండుననుకొంటిమి. అబ్బాయి నవ్వి, “అది మసి కాదు అత్తయ్యగారూ! కొండలు క్రక్కిన లావా గట్టిపడిన రాయి. సమీపమున వోల్విక్ అను గ్రామపు గనులనుండి తెచ్చినారు” అని చెప్పెను. ఊరిలో పాత యిండ్లు పెక్కింటికి ఆ నల్లఱాయియే. జోద్ అను పెద్ద చౌకమున గుఱ్ఱముపై దుముకుచున్న వెర్సింజెటోరిక్స్ అను ప్రాచీన వీరుని విగ్రహ మున్నది. న్యూయార్కు రేవున స్వాతంత్ర్యదేవతా విగ్రహమును నిర్మించిన బార్తోల్దీ శిల్పియే దీనిని కూడ మలచెను. మోటారుబండ్లకు రబ్బరు టైర్లు చేయు మిషెలిన్ కర్మాగారము 1889లో ఈ యూరనే వెలసినది. ఊరిలో నడచు ట్రాముబండి సయితము రబ్బరు చక్రములమీదనే పోవుచుండుట చూచి వదినగారు ముచ్చటపడిరి.

మఱునాడు పుయి ద డోమ్ అను కొండకు పోతిమి. దాని యెత్తు 1465 మీటర్లు. పండ్లచక్రముతో కొండనెక్కు చిన్న రైలు కొద్ది నిమిషములలో మమ్ము శిఖరమునకు చేర్చినది. అచట రోమనుల నాటి దేవాలయపు శిథిలములున్నవి. క్రిందికి చూచినచో నోళ్లు తెఱచిన అగ్నిపర్వతములు వరుసగా పచ్చికకప్పి పండుకొనియున్నవి. ఈ కొండల వరుసను 2018లో ప్రపంచ వారసత్వ స్థలముగా గుర్తించిరి.

ఈ శిఖరమునకు శాస్త్రచరిత్రయందొక పేరు కలదు. 1623లో ఈ పట్టణముననే జన్మించిన పాస్కల్ అను పండితుడు గాలికి బరువు కలదనియు, పైకి పోవుకొలది ఆ బరువు తగ్గవలెననియు తలంచెను. ఆ కాలపు పెద్దలు పెక్కండ్రు ఒప్పుకొనలేదు. పాస్కల్ వారితో వాదమును పెంచుటతో తృప్తిపడక, ఈ యూర నివసించు తన బావగారికి ఒక పని యొప్పగించెను. ఆయన 1648 సెప్టెంబరు 19వ తేదీన పాదరసము నింపిన గాజుగొట్టముతో ఈ కొండ యెక్కెను. మఱియొక గొట్టమును క్రింద ఊరిలోనే ఉంచి, దినమంతయు కనిపెట్టుటకు ఒకరిని నియమించెను. పైనున్న గొట్టమున పాదరసము మూడంగుళములకు పైగా దిగినది. క్రింది గొట్టమున కదలలేదు. శతాబ్దముల వాదము ఒక్క దినమున తేలినది.

అబ్బాయి ఈ కథ ముగించి తల్లివంక చూచి, “అమ్మా! మగవారు ఆడుదాని మాట విందురా యని నీవడుగుచున్నావు కదా. ఆ పరీక్ష కూడ ఈ యూరనే జరిగినది. రేపు ఆ స్థలము చూపెదను” అనెను.

మఱునాటి ఉదయమున ట్రామెక్కి ఊరి యుత్తరపు కొసకు పోతిమి. అచట గాబ్రియెల్ మోన్‌ప్యే అను పూర్వపు నగరాధ్యక్షుని పేరిట కట్టిన క్రీడాస్థలమున్నది. 1995లో ప్రారంభమైనది. మేము పోయిన దినమున పోటీ లేకుండుటచే ద్వారములు మూసియుండెను. కటకటాలగుండ పచ్చని మైదానపు తునక మాత్రము కనబడినది. అచటనే నిలువబడి అబ్బాయి చెప్పిన వృత్తాంతము వింటిమి.

ఫుట్‌బాల్ జట్టునకు కోచ్ అనగా వట్టి కసరత్తు చేయించువాడు కాడు. జట్టులోని ఆటగాండ్రలో ఆనాడు మైదానమున దిగవలసిన 11 మంది యెవరో తేల్చువాడతడు. ఎవ్వరిని వెనుకకు పిలువవలెనో, ఎవ్వరిని పంపవలెనో, ఆట నడిమి విరామమున ఏమి చెప్పవలెనో నిర్ణయించువాడును అతడే. ఆటయే జీవనముగా గలవారికి ఒక యేడు బల్లమీద కూర్చుండుట పేరునకును, జీతమునకును ముప్పు. కావున అతని మాటకు విలువ లేనిచో ఆ పదవియే లేదు.

2014 మే నెలలో ఈ యూరి పురుషుల జట్టు, ఫ్రాన్సుదేశపు రెండవ శ్రేణిలో ఆడుచున్న క్లెర్మాన్ ఫుట్ సంఘము, పోర్చుగల్ దేశస్థురాలగు హెలెనా కోస్టాను ప్రధాన శిక్షకురాలుగా నియమించుచున్నట్లు ప్రకటించెను. ఆమె అంతకు పూర్వము కతార్, ఇరాన్ దేశముల స్త్రీల జట్లకు శిక్షణ నిచ్చిన అనుభవము గలది. ప్రపంచమందలి పత్రికలన్నియు ఆమె ఛాయాచిత్రములను ప్రకటించినవి. కాని జూన్ నెల ముగియకమునుపే, ఒక్క పోటీయైన నడపకమునుపే, ఆమె వెళ్లిపోయెను. తన్నడుగకయే ఆటగాండ్రను చేర్చుకొనిరనియు, స్నేహపు పోటీలను కుదిర్చిరనియు, తన్నొక ముఖముగా మాత్రమే నిలిపిరనియు ఆమె చెప్పెను. సంఘాధ్యక్షుడు క్లోద్ మిషీ మాత్రము ఆమె స్త్రీ యగుటయే ఆ నిష్క్రమణమునకు కారణమన్నట్లు మాటలాడెను.

“చూచితివా? నేను చెప్పలేదా?” అని వదినగారు మా వైపు తిరిగిరి.

“తొందరపడకుము అమ్మా! ఇది పరీక్ష యెట్లగును? గొట్టము కొండమీదికి పోనేలేదు కదా” అని అబ్బాయి కథ సాగించెను.

అదే నెలలో ఆ సంఘము ఆ పదవిని మఱియొక స్త్రీకి ఇచ్చెను. ఆమె కొరిన్ డియాక్ర్. 1974లో ఉత్తర ఫ్రాన్సున పుట్టినది. తన దేశపు స్త్రీల జట్టున 121 పోటీలాడి, నాయకురాలుగా నుండినది. పురుషుల వృత్తిజట్లకు శిక్షణ నిచ్చుటకు ఫ్రాన్సున కావలసిన అత్యున్నత యోగ్యతాపత్రమును మొట్టమొదట పొందిన స్త్రీ ఆమెయే, అదియు 2014లోనే.

2014 ఆగస్టు 4న, తన నలువదవ జన్మదినమున, బ్రెస్ట్ పట్టణమున ఆమె ప్రథమ పోటీ జరిగినది. క్లెర్మాన్ జట్టు 2-1 తో ఓడిపోయినది. అంతటితో ముగిసియున్నచో ఈ కథ చెప్పువారే యుండరు. ఆమె నిలిచెను. 20 జట్లలో మొదటి యేడు 12వ స్థానము. రెండవ యేడు 7వ స్థానము. మూడు సంవత్సరములకు పైగా ఆ యూర పనిచేసి, 2017లో స్త్రీల జాతీయజట్టునకు ప్రధాన శిక్షకురాలుగా ఆహ్వానింపబడి పోయెను. ఆ ఆటగాండ్రందఱును పురుషులే. ప్రతివారమును ఆమె పిలిచినవారే మైదానమున దిగిరి. ఆమె వలదన్నవారు వెలుపల కూర్చుండిరి.

ఆ సాయంకాలము మేము బసచేసిన యింటి యజమానురాలిని ఈ విషయమడిగితిమి. ఆమె వృద్ధురాలు, భర్తయు, కుమారులును ప్రతి పోటీకి పోవువారట. అబ్బాయి తెలుగుచేసి చెప్పగా మేము వింటిమి. “మొదట అందఱును ఆడుదానిని చూచుటకు పోయిరి. కొన్ని నెలలు గడచిన పిమ్మట మా వారు ఇంటికి వచ్చి బల్లమీద చేయి చఱచి, ఫలానావానిని ఏల ఆడింపలేదు, ఫలానావానిని ఏల వెనుకకు పిలిచినది అని ఆమెను తిట్టసాగిరి. అంతకుముందున్న శిక్షకుని కూడ అట్లే తిట్టుచుండెడివారు. అప్పుడు నాకు తెలిసినది, ఆమె స్థిరపడినదని!” అని ఆ పెద్దామె పకపక నవ్వెను.

ఈ మాట మాకు మిక్కిలి విలువైనదిగా తోచినది. పూలదండలు కొత్తవారికి వేయుదురు. తప్పులెన్నుట తమవానిగా నెంచిన పనివానికే దక్కును.

ఇట్టి పరీక్షలు మఱికొన్ని యూళ్లను కూడ జరిగినవి. ఇటలీదేశమున 1999లో కరోలీనా మొరాచే అను ప్రసిద్ధ క్రీడాకారిణి విటెర్బో పట్టణపు పురుషుల జట్టును చేపట్టి రెండు పోటీలకే విడిచిపెట్టెను. హాంగ్‌కాంగ్‌లో చాన్ యుయెన్-టింగ్ అను యువతి 27 ఏండ్లకే ఈస్టర్న్ అను పురుషుల జట్టును 2016లో అచటి ప్రథమశ్రేణి విజేతగా నిలిపెను. జర్మనీయందు 2023 నవంబరులో మేరీ-లూయీస్ ఎటా బెర్లిన్ నగరపు యూనియన్ జట్టున సహాయ శిక్షకురాలై, ఆ దేశపు ప్రథమశ్రేణి పురుషుల ఆటలో ఆ పదవినందిన మొదటి స్త్రీ యయ్యెను. 2024లో సబ్రీనా విట్‌మన్ ఇంగోల్‌స్టాట్ పట్టణపు మూడవశ్రేణి జట్టునకు ప్రధాన శిక్షకురాలాయెను. లెక్కింపబోయిన వ్రేళ్లు చాలును. కాని ముప్పదియేండ్ల క్రిందట లెక్కించుటకే లేకుండెను.

డియాక్ర్ కథ సయితము విజయములతోనే ముగియలేదు. 2019లో స్వదేశమున జరిగిన ప్రపంచపు పోటీలో ఆమె జట్టు క్వార్టర్ ఫైనలుననే ఓడినది. 2023లో ముఖ్యమైన క్రీడాకారిణులు కొందఱు జాతీయజట్టునుండి తొలగగా, ఆ మార్చి నెలలో ఆమెను పదవినుండి తప్పించిరి. ఇట్లు తప్పింపబడిన పురుష శిక్షకులు ప్రతి దేశమునను ఎందఱో కలరు. వారి పరాజయమును చూచి పురుషులు ఈ పనికి తగరని ఎవ్వరును అనలేదు. ఒక స్త్రీ పొరపాటు స్త్రీలందఱి లెక్కలో వ్రాయబడుట ఎప్పుడు మానునో, ఆనాడు ఈ పరీక్షల యవసరముండదు.

రాత్రి పడకగదిలో వదినగారు చాలసేపు మాటలాడలేదు. పిమ్మట మెల్లగా ఇట్లనిరి: “నేను కాపురమునకు వచ్చిన క్రొత్తలో అందఱును నన్ను ఇంటి యజమానురాలని పిలిచెడివారు. తాళపుచెవుల గుత్తి మాత్రము పదునొకండేండ్లు నా చేతికి రాలేదు. బియ్యము కొలిచి యిచ్చుటకు కూడ ఒకరి నడుగవలసి యుండెను. ఆ పోర్చుగల్ పిల్ల ఏల వెళ్లిపోయినదో నాకు తెలియును.”

మేము నిరుత్తరులమైతిమి. ఆమె ఫోను తీసి కుమార్తెను పిలిచిరి.

“అమ్మాయీ! ఆ పనికి ఒప్పుకొనుము. కాని ముందుగా ఒక్క మాట వారినడుగుము. జట్టులో ఎవ్వరాడవలెనో తేల్చువారెవరు? నీవైనచో చేరుము. వేఱొకరైనచో నమస్కరించి లేచి రమ్ము.”

అవతల కొంతసేపు నిశ్శబ్దము. తరువాత, “అమ్మా! ఆ మాట నేనడుగవచ్చునా?” అని వినబడెను.

“చేరిన పిమ్మట అడుగుటకు వీలుండదు. ఇప్పుడే అడుగవలెను” అని వదినగారు ఫోను పెట్టివేసిరి.

మేము ఇల్లు చేరునప్పటికి ఆ పిల్ల అడిగియే యుండెను. యాజమాన్యమువారు ఆలోచించి చెప్పుదుమని కొంత గడువు కోరిరట. ఇది వ్రాయునాటికి ఆ జవాబు ఇంకను రాలేదు.