ఎర్రనీరు, పులస, చెవినపడ్డ మాటలు

ఏవండోయ్, గోదారికి ఎర్రనీరు వచ్చేసింది! యానాంలో ఇప్పుడు ఇద్దరు ఎదురుపడితే అడిగే మొదటి మాట "ధవళేశ్వరం దగ్గర ఎంతుందట?" అక్కడ నీటిమట్టం 11.75 అడుగులకి చేరితే మొదటి వరద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. ఎక్కాలు రాని పిల్లలకీ ఈ లెక్క కంఠోపాఠం. 2022 జూలైలో వరద పాతిక లక్షల క్యూసెక్కులు దాటి ఊళ్లోకి నీళ్లొచ్చాక మరీను.

ఇక పులస చేప. ఏటేటా తగ్గిపోతోంది, ధర మాత్రం తగ్గదు. మొన్న ఒకాయన ధర విని నోరెళ్లబెట్టాడు. గంప ముందు కూర్చున్నావిడ తలెత్తకుండానే "సముద్రం కాణ్ణించి ఎదురీదుకుంటా వచ్చింది బాబూ, దానికి దారిఖర్చులుండవేటి?" అంది. ఆయన కొన్నాడో లేదో నేను చూడలేదు. కవితకి కావలసిన మాట నాకు దొరికేసింది!

వానాకాలం కవులకి మంచి అదను. జనం చూరుల కింద, టీ బడ్డీల దగ్గర చిక్కుకుపోయి మాట్లాడుకుంటూనే ఉంటారు. మంగళవారం సంతయితే చెప్పక్కర్లేదు. నండూరివారి 'ఎంకి పాటలు' పల్లె నోటిమాటని కవిత్వంలోకి తెచ్చే కదా నిలబడ్డాయి. అక్కడ ఇంగ్లండులో ఎలియట్ కూడా 1922 నాటి 'ది వేస్ట్ ల్యాండ్'లో సారాకొట్టు కబుర్ల ఘట్టాన్ని వాళ్లింటి పనిమనిషి చెప్పిన మాటల్లోంచే తీసుకున్నాడు.

మనకిది కొత్తేం కాదులెండి. చెళ్లపిళ్ల వెంకటశాస్త్రిగారి చిన్నతనం గడిచింది యానాంలోనే. తిరుపతి వేంకట కవుల జంటలో ఒకరిగా ఆయన చేసిన అవధానాల్లో అప్రస్తుత ప్రసంగి ఒకడుంటాడు. పద్యం నడుస్తుండగా పిచ్చాపాటీతో అడ్డొస్తుంటాడు. అవధాని అటు జవాబివ్వాలి, ఇటు పద్యం జారిపోకూడదు. లోకం చెవిలో మాట్లాడుతుంటే కవిత్వం చెప్పడం అంటే ఇదే. శిఖామణి, దాట్ల దేవదానం రాజు, బొల్లోజు బాబా వంటి కవులున్న ఈ ఊళ్లో ఇప్పటి కుర్రాళ్లు మాత్రం చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని సంతలో తిరుగుతున్నారు. కవితలు ఎండిపోయాయంటే పోవూ మరి!

చెవినపడ్డ మాట రాసేటప్పుడు ఒక్క జాగ్రత్త. ఊరంతా కలిపి 30 చదరపు కిలోమీటర్లు. పేరు రాయకపోయినా ఎవరి మాటో ఇట్టే పోల్చుకుంటారు. అత్తాకోడళ్ల మాట వింటే మామాఅల్లుళ్లకి అంటగట్టండి, వీధి మార్చండి. యాస మాత్రం దిద్దకండి. "ఉండవేటి"ని "ఉండవా" చేశారో, గంప ముందావిడ మాయమైపోతుంది. ఇంటికెళ్లాక రాద్దాంలే అనుకుంటే మాటల వరస మారిపోతుంది. సంచీ మీదైనా సరే, అక్కడికక్కడే రాసుకోండి.

అన్నట్టు, ఆగస్టు 15 అందరికీ పండగే. 1962లో పుదుచ్చేరితోపాటు యానాం చట్టప్రకారం భారతదేశంలో కలిసింది 16న కాబట్టి మాకు ఆ రోజూ సెలవే. వంతెన అవతల ఆంధ్రాలో ఉన్న ఎదుర్లంక వాళ్లకి ఆ సెలవు లేదు. వంతెన దాటి ఆ రోజు రండి, బడ్డీల దగ్గర రద్దీ బాగుంటుంది.