పది నంబర్ ఎవరిది?

కోహీర్ అనగానే మన కాలేజీలో అందరూ జామకాయలు తెమ్మంటారు. మాది ఆ ఊరే. కింద కాక జిరాక్స్ షాపు, పైన ఇల్లు, రెండింటికీ ఒకటే రౌటర్.

నెట్‌వర్క్స్ సబ్జెక్ట్ మొదలైందో లేదో, షాపు ప్రింటర్‌కి 192.168.1.10 అని పర్మనెంట్ అడ్రస్ పెట్టేశా. ఎందుకు పదే అంటే, గుర్తుంటుందని. అంతే. కాక మురిసిపోయాడు.

మార్చిలో ఒక రాత్రి హాస్టల్ నుంచి ఇంటికొచ్చాను. పొద్దున ఏడింటికే షాపు ముందు ఇంటర్ పిల్లలు, హాల్‌టికెట్ ప్రింట్ల కోసం. ప్రింటర్ కదలదు. ఆఫ్ చేసి ఆన్ చేస్తే ఒక పేజీ వచ్చి మళ్లీ ఆగింది. యూఎస్‌బీ కేబుల్ పెడదామంటే అదెక్కడుందో ఎవరికీ తెలీదు. "మావోడు చూస్తుండు, కంప్యూటర్ ఇంజినీరింగే" అని కాక అందరికీ చెప్తున్నాడు. ఒక అమ్మాయి జహీరాబాద్ బస్సు పోతుందని ఏడుపు మొహంతో వేరే షాపుకి పరిగెత్తింది. ఆమెకి ప్రింట్ దొరికిందో లేదో నాకిప్పటికీ తెలీదు.

చివరికి ప్రింటర్ ప్లగ్ పీకేసి, 192.168.1.10కి పింగ్ కొట్టా. జవాబొచ్చింది! కరెంటే లేని ప్రింటర్ ఎలా పలుకుతుంది? రౌటర్ లిస్ట్ తెరిచి చూస్తే, ఆ నంబర్ మీద ఉన్నది నా ఫోన్.

మా రౌటర్ 2 నుంచి 254 దాకా అన్ని నంబర్లనీ డీహెచ్‌సీపీతో అద్దెకిస్తుంది. పదిని నేను ప్రింటర్‌లో రాశాను గానీ రౌటర్‌కి చెప్పలేదు. రాత్రి ప్రింటర్ ఆఫ్‌లో ఉంది కాబట్టి నంబర్ ఖాళీ అనుకుని నాకిచ్చింది. దాని తప్పేం లేదు.

192.168తో మొదలయ్యేవి ఎవరింట్లో వాళ్లు వాడుకోవచ్చని 1996 నాటి ఆర్‌ఎఫ్‌సీ 1918 చెప్తుంది. ఐపీవీ4 అడ్రస్‌లు మొత్తం కలిపినా దాదాపు 430 కోట్లే మరి. మీ ఇంట్లోనూ ఇదే పది ఉండొచ్చు, గొడవ లేదు. ఒకే ఇంట్లో ఇద్దరికి ఉంటేనే తంటా.

డీహెచ్‌సీపీని 100 నుంచి 199కి కుదించా. వంద లోపువి మేం పెట్టుకునేవి: ప్రింటర్ 10, షాపు కంప్యూటర్ 20, కెమెరాల డీవీఆర్ 30. కాగితం మీద రాసి రౌటర్ పక్కన గోడకి అంటించా. ఫోన్ వైఫై ఆపి మళ్లీ పెడితే దానికి 100 వచ్చింది. అంతా కలిపి పదిహేను నిమిషాల పని.

"ఏమైందిరా?" అని కాక అడిగితే "రౌటర్ పాతదైంది కాకా" అన్నాను.

నిన్న ఫోన్ చేశాడు. కొత్త రౌటర్ కోసం రెండు వేలు పక్కన పెట్టాడట, ఏ కంపెనీది మంచిదో చెప్పమన్నాడు. "చూసి చెప్తా" అని పెట్టేశా. శనివారం ఊరికి వెళ్తున్నాను.