దిక్కులు చూసే పిల్లవాడు



గత మే నెలలో మన ఆదోని, ఎమ్మిగనూరు బ్రాంచీల పిల్లలకు కలిపి మూడు వారాలు ఫుట్‌బాల్ శిబిరం జరిగిన సంగతి మీకు తెలిసిందే. దానికి నన్ను ఇన్‌ఛార్జిగా వేశారు. నేను ఇంగ్లీషు టీచర్‌ని, ఫుట్‌బాల్ నాకు రాదు. హాజరు వేయడం, నీళ్ల క్యాన్లు చూసుకోవడం, ఎండ ముదరకముందే పిల్లల్ని నీడకు చేర్చి ఉగ్గాని, బజ్జి పెట్టించడం, ఇదే నా పని. అయినా అక్కడ నేను గమనించినవి కొన్ని మీతో చెప్పుకోవాలి. అందులో ఒకటి నా తప్పు.

ఎమ్మిగనూరులో చీకటితోనే బస్సెక్కితే తెల్లవారేసరికి ఆదోనిలో గ్రౌండ్ దగ్గర ఉండేదాన్ని. మా కోచ్ సార్ యూనివర్సిటీ జట్టుకు ఆడినవారు. మొదటి రోజే నా చేతికి ఒక నోటుబుక్ ఇచ్చి, "మేడం, గోల్ ఎవరు వేశారో రాయొద్దు. అది అందరికీ కనబడుతుంది. బంతి తన దగ్గర లేనప్పుడు ఎవరు ఏం చేస్తున్నారో రాయండి" అన్నారు. తొంభై నిమిషాల మ్యాచ్‌లో ఒక్కో ఆటగాడి కాలి దగ్గర బంతి ఉండేది రెండు మూడు నిమిషాలేనట. మిగతా సమయమంతా ఆడుతున్నట్టా, లేనట్టా అన్నదే అసలు ఆట అని ఆయన చెప్పారు.

రెండు రోజులు నాకేమీ కనబడలేదు. నా కళ్లు బంతితోపాటే పోయేవి. మూడో రోజు నుంచి ఒక్కొక్క పిల్లవాణ్ణి పది నిమిషాల చొప్పున చూడటం మొదలుపెట్టాను. బంతి పోగొట్టుకుని అక్కడే నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడిపోయేవారు ఎవరు, వెంటనే వెనక్కి పరిగెత్తేవారు ఎవరు, పక్కవాడు తప్పు చేస్తే కసిరేవారు ఎవరు, భుజం తట్టేవారు ఎవరు, అన్నీ రాసుకున్నాను.

నాలుగో రోజు కోచ్ సార్ ఒక అబ్బాయిని చూపించి, "ఎవరు మేడం ఈ పిల్లవాడు?" అని అడిగారు. ఏం తప్పు చేశాడోనని భయపడ్డాను. "బంతి తన దగ్గరికి వచ్చేలోపు రెండుసార్లు తల తిప్పి చూస్తున్నాడు. ఎవరు ఎక్కడ ఉన్నారో వాడికి ముందే తెలుసు. ఈ ఒక్క అలవాటు నేర్పడానికి నాకు నెలలు పడుతుంది" అన్నారు.

నోటుబుక్ వైపు చూసుకున్నాను. ఆ పిల్లవాడి పేరుకు ఎదురుగా ఆ ఉదయమే నేను రాసిన మాట ఉంది: "దిక్కులు చూస్తున్నాడు."

అంతకంటే బాధ కలిగించింది ఇంకొకటి. వాడు పోయిన ఏడాది నా క్లాసులోనే చదివాడు. హాఫ్ ఇయర్లీ ప్రోగ్రెస్ కార్డులో రిమార్క్స్ దగ్గర నేను ఇదే రాశాను: "క్లాసులో దిక్కులు చూస్తాడు. ఏకాగ్రత లేదు." ఆ కార్డు చూశాకే వాళ్ల నాన్నగారు వాడికి సాయంత్రం ఆట మాన్పించారు. ఆయనకు పత్తి మార్కెట్‌లో వ్యాపారం. శిబిరానికి పంపుతూ, "ఇంట్లో ఉంటే ఫోన్ చూస్తాడని పంపిస్తున్నా మేడం. జూన్ నుంచి ఫౌండేషన్ క్లాసులు. అప్పుడు ఈ ఆటలన్నీ బంద్" అని నాతోనే అన్నారు.

రెండో వారంలో కోచ్ సార్ కొత్త నియమాలు పెట్టారు. ఒకరోజు బంతిని వెంట తీసుకుపోకూడదు, అందిన వెంటనే ఇంకొకరికి ఇచ్చెయ్యాలి. ఇంకొకరోజు చేతకాని కాలితోనే తన్నాలి. ఎమ్మిగనూరు నుంచి వచ్చిన తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకరు, చదువులో ఫస్టు, పరుగులో ఫస్టు. మొదటి వారం గోల్స్ చాలావరకు ఆమెవే. ఎడమకాలి రోజు ఆమె తన్నిన బంతి రెండుసార్లు పక్కకు పోయింది. ఎవరో నవ్వారు. "కడుపునొప్పి మేడం" అంటూ వచ్చి నా పక్కన కూర్చుంది.

ఆ నొప్పి ఏమిటో నాకు తెలుసు. నేను ఎమ్మిగనూరులో పదో తరగతి దాకా తెలుగు మీడియం చదివాను. మా నాన్న మగ్గం నేసేవారు. డిగ్రీలో ఇంగ్లీషు మాట్లాడాల్సిన ప్రతిసారీ నాకూ కడుపునొప్పే వచ్చేది. బీఈడీ టీచింగ్ ప్రాక్టీసులో మొదటి పాఠం రోజు నిజంగానే సెలవు చీటీ రాసిచ్చాను. ఈ సంగతి ఆ అమ్మాయికి చెప్పాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. మర్నాడు అందరికంటే ముందు వచ్చి ఎడమకాలితో ఇరవైసార్లు తన్నింది. "నాలుగు లోపలికి పోయినాయి మేడం" అని చెప్పింది. మూడు వారాల్లో ఆమె మొహంలో అంత సంతోషం నేను చూసింది అప్పుడే.

ఈ పద్ధతులు మా కోచ్ సార్ కనిపెట్టినవి కావు. హైదరాబాద్‌కు చెందిన సయ్యద్ అబ్దుల్ రహీమ్ గారివి. 2024లో వచ్చిన 'మైదాన్' సినిమా మీలో కొందరు చూసి ఉంటారు, అది ఆయన కథే. రహీమ్ గారు బడిపంతులు. కాచిగూడ, చాదర్‌ఘాట్ బడుల్లో పాఠాలు చెప్పారు. 1950 నుంచి 1963లో కన్నుమూసేదాకా హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకు శిక్షణ ఇచ్చారు. ఆ జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదేళ్లు రోవర్స్ కప్పు గెలిచింది. ఆయన కోచ్‌గా ఉండగానే భారత జట్టు 1951 ఢిల్లీ ఆసియా క్రీడల్లోనూ, 1962 జకార్తా ఆసియా క్రీడల్లోనూ బంగారు పతకం తెచ్చింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. చేతకాని కాలితో మాత్రమే ఆడే పోటీలు, డ్రిబ్లింగ్ లేకుండా ఆడే పోటీలు పెట్టి ఆయన తన ఆటగాళ్లను తీర్చిదిద్దారు.

జకార్తాలో మన జట్టు మొదటి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా చేతిలో 0-2తో ఓడింది. తర్వాత డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకు దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. వేరే కోచ్ అయితే బెంచీ మీద కూర్చోబెట్టేవారేమో. రహీమ్ గారు అతన్ని ముందు వరుసలో ఆడించారు. జర్నైల్ సెమీఫైనల్లోనూ గోల్ కొట్టాడు, ఫైనల్లోనూ కొట్టాడు. ఫైనల్లో అదే దక్షిణ కొరియాను మనవాళ్లు 2-1తో ఓడించారు. గోల్ ఆపడమే పనిగా ఉన్నవాడు గోల్ వేయగలడని నమ్మాలంటే, ఆ మనిషిని ఎన్నాళ్లు ఎంత శ్రద్ధగా చూసి ఉండాలి! ప్రోగ్రెస్ కార్డులో ఒక్క వాక్యం రాయడానికి నేను ఒక్కో పిల్లవాడి మీద పెట్టిన సమయం ఎంతో ఆ రాత్రి లెక్క వేసుకున్నాను. ఒక నిమిషం కూడా లేదు.

మూడో వారంలో ఒకరోజు ఆ అబ్బాయిని తీసుకుపోవడానికి వాళ్ల నాన్నగారు కొంచెం ముందే వచ్చి బండి మీద కూర్చుని ఉన్నారు. నోటుబుక్ తీసుకుని దగ్గరికి వెళ్లాను. కోచ్ సార్ అన్నది చెప్పి, "కార్డులో నేను రాసింది సగమే సార్. వాడు చూస్తున్నాడని రాశాను గానీ, ఏం చూస్తున్నాడో నేను అడగలేదు" అన్నాను. ఆయన కోప్పడలేదు. చాలాసేపు గ్రౌండ్ వైపే చూసి, "మీరు రాసినారు కాబట్టే కదా మేడం, నేను నమ్మినా" అన్నారు.

ఆ మాట ఇప్పటికీ నన్ను వదల్లేదు. మేము రిమార్క్స్ దగ్గర రాసే ఐదారు మాటలు మీ ఇంట్లో ఒక తీర్పు అయిపోతాయి. వాటివల్ల ఒక పిల్లవాడి సాయంత్రాలు పోతాయి.

ఫౌండేషన్ క్లాసులు ఆగలేదు, ఆపమని నేను అడగనూ లేదు. వారానికి రెండు సాయంత్రాలు మాత్రం వాడికి ఆట తిరిగి దొరికింది. ఈ శిబిరం వల్ల మార్కులు పెరిగాయని కూడా చెప్పలేను. జూన్‌లో పెట్టిన స్లిప్ టెస్టులో వాడికి ఇంగ్లీషులో 25కు 11 వచ్చాయి. స్పెల్లింగులు ఇంకా తప్పుతున్నాడు, దాని మీద ఇద్దరం కష్టపడుతున్నాం. క్లాసులో ఇప్పటికీ తల తిప్పుతాడు. ఇప్పుడు నేను కసరను, "ఏం చూశావు?" అని అడుగుతాను. మొన్న, "వెనక బెంచీలో వాడికి ఏ పేజీనో తెలియడం లేదు మేడం" అన్నాడు. నిజమే. పాఠం మొదలై పది నిమిషాలైంది, నేను గమనించలేదు.

మీకు ఒక మనవి. వచ్చే పేరెంట్స్ మీటింగ్‌లో మార్కులు అడగండి, తప్పకుండా అడగాలి. దాంతోపాటు, "మార్కులు కాక మా బిడ్డలో మీరేం గమనించారు?" అని కూడా అడగండి. మా దగ్గర జవాబు లేకపోతే అది పిల్లల లోపం కాదు, మాది.

అలాగే వీలైతే ఒక సాయంత్రం మీ బిడ్డ ఆడుతున్న చోటికి వెళ్లి పది నిమిషాలు నిలబడండి. బంతిని చూడకండి, మీ బిడ్డను చూడండి. ఏం కనబడిందో డైరీలో ఒక్క వాక్యం రాసి పంపండి. నా నోటుబుక్‌లో ఇంకా చాలా పేజీలు ఖాళీగా ఉన్నాయి.