నక్కో అన్నందుకు

ఆరో తరగతిలో మాకు హిందీ మొదలైంది. మొదటిరోజే సారు నన్ను లేపి, "నీకేం నేర్పాల్రా, మీ ఇంట్ల మాట్లాడేదే గదా" అన్నాడు. క్లాసంతా నావైపు చూసింది. కొంచెం గర్వపడ్డాను కూడా. ముస్లిం ఇంట్లో పుట్టినందుకు బడిలో ఏదో లాభం కనబడటం అదే మొదటిసారి.

ఆ లాభం యూనిట్ టెస్టు దాకానే. సొంతవాక్యం రాయమంటే 'మేరేకు నక్కో' అని రాశాను. సారు నా పేపరు పైకెత్తి చదివాడు. "ఇది హిందీ కాదు, ఉర్దూ కాదు, తురకం" అన్నాడు. అందరూ నవ్వారు. 'ముఝే నహీ చాహియే' అని పదిసార్లు రాయించాడు. ఎర్రసిరా గీత నా తప్పు కింద పడలేదు, మా అమ్మీ మాట కింద పడింది. ఆమె ఇంకో రొట్టె వెయ్యబోతే రోజూ నేననే మాట అది.

తర్వాతి పీరియడులో తెలుగు సారు, "తురకోనివై ఉండి తెలుగు ఎంత మంచిగ రాస్తవురా" అని మెచ్చుకున్నాడు. ఆ నవ్వూ ఈ మెప్పూ ఒకటేనని తెలియడానికి చాలా ఏళ్లు పట్టింది. రెండు భాషల్లోనూ నేను చుట్టపుచూపుగా వచ్చినవాడినే.

పై క్లాసులో ప్రేమ్‌చంద్ 'ఈద్‌గాహ్' పాఠం వచ్చింది. ఇంట్లో బిగ్గరగా చదువుతుంటే దాదీ దగ్గరికొచ్చి కూర్చుంది. ఆమెకు నాగరి రాదు, ఏ లిపీ రాదు. కానీ కథ మొత్తం అర్థమైంది. మూడు పైసలతో మేళాకు పోయిన హామిద్ బొమ్మలూ మిఠాయిలూ మానుకుని, రొట్టెలు కాల్చేటప్పుడు దాదీ చేతులు కాలకుండా చిమ్టా కొనుక్కొచ్చిన చోట కళ్లు తుడుచుకుంది. "రాసినాయన మనోడేనా?" అనడిగింది. కాదు, హిందువన్నాను. "అయితేంది, ఈద్‌నాడు చేతిల పైసల్లేని ఇల్లు ఎట్లుంటదో ఎరికైనోడు" అంది.

ఆమె అంచనా మరీ తప్పేం కాదని తర్వాత చదువుకున్నాను. కాశీ దగ్గర లమహీలో 1880లో పుట్టిన ధన్‌పత్‌రాయ్ ముందు నవాబ్‌రాయ్ పేరుతో ఉర్దూలో రాశాడు. 1908లో వచ్చిన 'సోజె వతన్' కథల్ని తెల్లదొరతనం రాజద్రోహమంది, ప్రతుల్ని తగలబెట్టించింది. ఆ తర్వాతే ఆయన ప్రేమ్‌చంద్ అయ్యాడు. ఉర్దూలో రాసిన 'బాజారె హుస్న్'కు ముందు అచ్చు దొరకలేదు. హిందీలో 'సేవాసదన్'గా వెలువడింది. ఉర్దూ పుస్తకం 1924లో గానీ రాలేదు. ఒకే మనిషి, ఒకే కథ, రెండు లిపులు. కోర్టుల్లో నాగరికి 1900లో అనుమతి వచ్చింది. నాగరి మాత్రమే చదవగలిగిన రైతుకు అది న్యాయమే. కానీ ఆ పోరులో లిపికి మతం అంటగట్టారు. ఒకటి హిందువులదైంది, ఒకటి మనదైంది. మరి 1540లో అవధీలో 'పద్మావత్' మొదలుపెట్టిన జాయసీ ఎవరివాడు? ఆయన కావ్యాల్ని 1924లో సంపాదకత్వం వహించి హిందీ మహాకవుల పక్కన కూచోబెట్టింది రామచంద్ర శుక్ల.

ఇక నా నక్కో సంగతి. గోల్కొండలో 1635లో వజహీ 'సబ్‌రస్' అనే వచనం రాశాడు. అది దక్కనీ. అంటే మా దాదీ మాటకు ముత్తాత. రాహుల్ సాంకృత్యాయన్ 1959లో ఆ కవులందర్నీ కలిపి 'దక్ఖినీ హిందీ కావ్యధారా' అని పుస్తకమే తెచ్చాడు. అది చదివి సంతోషించాను, తర్వాత కోపమొచ్చింది. వయసు చెప్పుకోవాల్సి వచ్చినప్పుడు దక్కనీ హిందీకి పూర్వీకురాలు. ఆరో తరగతి పిల్లాడు రాస్తే మాత్రం ఎర్రగీత. హిందీవాళ్లనే అనడం దేనికి? లక్నో ఉర్దూ వచ్చినవాళ్లూ మమ్మల్ని చూసి అలాగే నవ్వారు.

మనకు పొరుగునే ఉన్న బస్తర్‌లో, జగదల్‌పూర్‌లో పుట్టిన షానీ 1965లో 'కాలాజల్' రాశాడు. దిగువ మధ్యతరగతి ముస్లిం ఇళ్ల ఉక్కపోత అందులో ఉంది. మరుసటేడు రాహీ మాసూమ్ రజా 'ఆధా గావ్' వచ్చింది. గాజీపూర్ జిల్లా గంగౌలీలో మొహర్రం, పంపకాలు, భోజ్‌పురీ ఉర్దూ, తిట్లు - అన్నీ ఉన్నదున్నట్టు. తన ఊరిమాటను దిద్దుకోకుండానే ఆయన హిందీ రచయిత అయ్యాడు. ఆ చేత్తోనే టీవీ 'మహాభారత్'కు సంభాషణలూ రాశాడు. ఇంకెవరి అనుమతీ అడగలేదు.

నేను రాసేది తెలుగులో. నా కథలో 'నక్కో' అని ఉంటే పక్కన అర్థం వెయ్యమంటారు. అదే కథలోని సంస్కృత సమాసానికి వెయ్యమనరు. మొదట్లో వేసేవాణ్ని. ఇప్పుడు వెయ్యడం లేదు. నాలుగు వందల ఏళ్లుగా ఈ నేలమీదున్న మాట. తెలియనివాళ్లు పక్కింటి ముస్లింని అడిగి తెలుసుకోవచ్చు. ఆ వంకనైనా ఒకసారి వాళ్ల గడప తొక్కుతారు.